సాగువారో, ఫెరోకాక్టస్, నాగజెముడు గింజలు: చాలావరకు మొలవలేదు, మొలిచినవి పడిపోతున్నాయి

అనంత_ముల్లు:
సాగువారో (స్తంభంలా ఎత్తుగా పెరిగే కాక్టస్) గింజలు 100, ఫెరోకాక్టస్ (పీపాలా ఉండే కాక్టస్) 50, నాగజెముడు 20 వేశాను. సగం ఎర్రమట్టి, సగం ఇసుక. గింజల మీద అర సెంటీమీటరు మందాన ఇసుక కప్పాను. కుండీలు డాబా మీద పూర్తి ఎండలో ఉన్నాయి. ఎడారి మొక్కలు కదా అని రెండు రోజులకోసారి కొద్దిగా నీళ్ళు చల్లుతున్నాను. నలభై రోజులైంది. సాగువారో ఏడు మొలిచి, అయిదు మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి. ఫెరోకాక్టస్ నాలుగు వచ్చాయి. నాగజెముడు ఒక్కటీ లేదు. గింజలు చెడ్డవా, పద్ధతి తప్పా? ఎక్కడెక్కడ తప్పిందో తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

సోనోరా_నీడ:
అనంత_ముల్లు గారూ, కాక్టస్ ఎండకు తట్టుకుని బతికే మొక్కే. కానీ దాని గింజ మొలిచేది ఎడారి తడిసినప్పుడు మాత్రమే. ఈ తేడా పట్టుకుంటే మీ ప్రశ్నల్లో సగం తీరిపోతాయి.

సాగువారో సొంత చోటు సోనోరా ఎడారి. అమెరికాలో ఆరిజోనా దక్షిణ భాగం, సరిహద్దు దాటితే మెక్సికోలోని సోనోరా రాష్ట్రం. పండ్లు జూన్‌లో పండి, జూలై మొదట్లోగా పగిలి రాలతాయి. ఒక్కో పండులో సుమారు 2,000 గింజలుంటాయి, ఇంచుమించు ఆవగింజంత, నల్లగా నిగనిగలాడుతూ. అవి రాలిన కొద్ది రోజులకే అక్కడి రుతుపవనం మొదలవుతుంది. గింజకు వెచ్చదనం, వరసగా కొన్ని రోజుల తడి, వెలుతురు ఒకేసారి అందుతాయి. ఆ అదను తప్పితే మళ్ళీ ఏడాదికి మొలుద్దామని నేలలో కాచుకుని కూర్చునే గింజ కాదిది. చీమలు, పిట్టలు, ఎలుకలు చాలావరకు తినేస్తాయి.

మొలిచినవాటిలో నిలిచేవి దాదాపుగా ఏదో ఒక చెట్టు కింద పడ్డవే. పాలో వెర్డి, ఐరన్‌వుడ్, మెస్కీట్ లాంటివాటిని దాది చెట్లు అనుకోవచ్చు. (మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం.) పగలు ఎండ కాల్చకుండా, చలికాలం రాత్రి మంచు కొరక్కుండా ఆ నీడే కాపాడుతుంది. మొదటి ఎనిమిదేళ్ళలో సాగువారో పెరిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళాలు. బఠాణీ అంత పచ్చి బుడిపెను డాబా మీద ఎర్రటి ఎండలో పెట్టడమంటే దాని దాది చెట్టును నరికేసినట్టే.

నారుమడి:
పై మాటకు కొనసాగింపుగా, మీ పద్ధతిలో నాలుగు తప్పులు కనిపిస్తున్నాయి.

గింజ కప్పడం మొదటిది. సాగువారో, ఫెరోకాక్టస్ గింజలకు మొలవడానికి వెలుతురు కావాలి. చిన్న గింజలో దాచుకున్న తిండి తక్కువ. లోతునుంచి మొలిస్తే నేల పైకి రాకముందే అది అయిపోతుంది. అందుకే వెలుతురు తగిలితేనే మేలుకునే ఏర్పాటు గింజలోనే ఉంది. సాగువారో విషయంలో ఎర్ర కాంతి మొలకను లేపుతుందని, దూర ఎర్ర కాంతి (ఎరుపుకు అవతల, కంటికి దాదాపు కనిపించనిది) దాన్ని మళ్ళీ ఆపుతుందని చాలాకాలం కిందటే తేలింది. అర సెంటీమీటరు ఇసుక కింద దానికి చీకటే. గింజను మట్టి మీద చల్లి, వేలితో మెల్లగా అదిమి వదిలేయాలి.

రెండోది వేడి. ఎక్కువ జాతులకు 20 నుంచి 30 డిగ్రీలు బాగుంటుంది, సాగువారోకు 25 దగ్గర. 35 దాటితే మొలక శాతం పడిపోతుంది. డాబా మీది కుండీలో పైమట్టి వేడి గాలి వేడికన్నా చాలా ఎక్కువ, అరచెయ్యి పెట్టి చూడండి.

మూడోది తడి ఆరిపోతూ ఉండటం. గింజ పగిలి మొలకవేరు బయటికొచ్చాక ఒక్క పూట ఎండినా చచ్చిపోతుంది. మొలిచి పైకి రాకుండానే పోయినవి మీ లెక్కలోకి రానేలేదు.

నాలుగోది శుద్ధి చేయని ఎర్రమట్టి. పడిపోయిన అయిదూ నారుకుళ్ళు తెగులువే (లేత మొలక మొదలు కుళ్ళి పడిపోయే జబ్బు). దాని గురించి విడిగా రాస్తాను.

ఇప్పుడు పద్ధతి. 8 సెం.మీ. ప్లాస్టిక్ కుండీ, అడుగున చిల్లులుండాలి. మట్టిమిశ్రమం తడిపి (పిడికిట్లో పిండితే చుక్క కారకూడదు, ముద్ద విడిపోకూడదు) ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద అరగంట ఉంచండి. మూత తీయకుండా అందులోనే చల్లారనివ్వండి. కుండీని వేడినీళ్ళు, సబ్బుతో కడగండి. గింజలను మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అంతే నీళ్ళు కలిపి, 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, టీ వడగట్టే జాలిలో వంచి, కాచి చల్లార్చిన నీళ్ళతో కడగండి. పొడిగా ఉన్న కాగితం మీద ఆరనిచ్చి, మడిచిన కాగితం అంచునుంచి తట్టుతూ చల్లితే గింజలు ఒకేచోట పడవు. ఒక్కో కుండీకి 25 నుంచి 30 చాలు. కుండీని కాచి చల్లార్చిన నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి పైమట్టి నల్లబడేదాకా పీల్చనివ్వండి. పైనుంచి పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. నీరు కారిపోయాక జిప్ సంచిలో పెట్టి మూసేయండి. సంచి లోపలి వైపు సన్నటి ఆవిరి చుక్కలు కనిపించాలి. అడుగున నీళ్ళు నిలిచి ఉంటే తీసేయండి.

వెలుతురుకు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు, 20 నుంచి 25 సెం.మీ. పైన, రోజుకు 12 నుంచి 14 గంటలు. లేదంటే ఎండ నేరుగా పడని వెలుతురైన కిటికీ. మూసిన సంచి మీద అరగంట ఎండ పడినా లోపల గింజలు ఉడికిపోతాయి.

సాగువారో, ఫెరోకాక్టస్ సాధారణంగా 5 నుంచి 10 రోజుల్లో లేస్తాయి. ఆస్ట్రోఫైటమ్ అనే చిన్న కాక్టస్ అయితే రెండు నుంచి నాలుగు రోజులే.

అనంత_ముల్లు:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. మట్టిమిశ్రమాన్ని గుల్లగా ఉంచడానికి వాడే ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) మా ఊళ్ళో దొరకదు, పెర్లైట్ (తెల్లటి తేలిక గుళ్ళు) ఆన్‌లైన్‌లో ఖరీదు. కొబ్బరి పొట్టు, ఇసుక, ఇటుకలతో సరిపెట్టుకోవచ్చా?

ఇటుకపొడి:
సరిపెట్టుకోవడం కాదు, మంచిగానే వస్తాయి. గుల్లతనం, తడి రెండూ ఉంటే గింజకు అంతకన్నా అక్కర్లేదు.

కొబ్బరి పొట్టు ఒక వంతు, 1 నుంచి 3 మి.మీ. ఇటుక ముక్కలు ఒక వంతు, ముతక ఏటి ఇసుక ఒక వంతు. అసలు పని జల్లెడలోనే ఉంది. ఇటుక దంచాక పిండిలా దిగిందంతా పారబోయండి. ఆ పిండి తడిసి ఆరితే పైన సిమెంటులా పొర కడుతుంది, మొలకవేరు దాన్ని చీల్చుకుని దిగలేక పక్కకు పడుకుంటుంది. ఇసుక బదులు రోబో శాండ్ (రాయి పిండి చేసిన ఇసుక) వాడేవాళ్ళున్నారు. వాడొచ్చు, కానీ అందులో రాతిపొడి బాగా ఎక్కువ, బకెట్‌లో నాలుగైదుసార్లు కడిగి తేట నీళ్ళు వచ్చాకే కలపండి. సముద్రపు ఇసుక వద్దు.

కొబ్బరి పొట్టు ఇటుకలా అచ్చుకట్టి అమ్ముతారు. అందులో ఉప్పు ఉంటుంది, దానిమీద ఏమి రాసి ఉన్నా సరే కడగండి. మంచినీళ్ళలో నానబెట్టి, పిండి, నీళ్ళు పారబోసి, మూడుసార్లు ఇలా చేస్తే నీళ్ళ టీ రంగు పలచబడుతుంది. బోరునీళ్ళతో కడిగితే ప్రయోజనం లేదు. రాయలసీమ బోర్లలో చాలాచోట్ల లవణాలు ఎక్కువ. వాననీళ్ళో, ఆర్‌ఓ నీళ్ళో వాడండి, మొలకలకు పెట్టేదీ అవే. పెంట ఎరువు, వర్మీకంపోస్టు ఈ దశలో చిటికెడు కూడా వద్దు, పురుగుకూ బూజుకూ విందు పెట్టినట్టే.

గాజుమూత:
జిప్ సంచి గురించి ఒక చిన్న అభ్యంతరం. అనంతపురం గాలి పొడి, అక్కడ సంచి తప్పదు. కానీ కాకినాడలోనో విశాఖలోనో ఆగస్టులో గాల్లోనే తడి ఎక్కువ. అక్కడ మూసిన సంచిలో రెండో వారానికల్లా పచ్చటి పాచి పొర, దాని కింద మొలకలు ఊపిరాడక ఉంటాయి. కోస్తాలో పైన గాజుపలక పెట్టిన ట్రే మేలు. పొద్దున పది నిమిషాలు పలక జరిపి మళ్ళీ మూయొచ్చు. పైమట్టి మీద ఒక వరస 1 నుంచి 2 మి.మీ. రాతి గుళ్ళు పరచి, వాటి సందుల్లో గింజలు పడేలా చల్లితే వెలుతురు తగులుతుంది, మట్టి మీద పాచి పట్టే చోటు తగ్గుతుంది.

నారుమడి:
గాజుమూత గారి మాట కోస్తాకు సరైనదే. రాతిగుళ్ళ వరస ఎక్కడైనా మంచిదే. కాకపోతే పలక జరిపిన ప్రతిసారీ శిలీంద్రాల బీజాలు, సియారిడ్ ఈగలు లోపలికి రావచ్చు. ఆ ఈగ నల్లగా దోమకన్నా చిన్నగా ఉంటుంది, దాని పురుగు పారదర్శకంగా, నల్లటి తలతో మట్టిలో తిరుగుతూ మొలక మొదలును లోపలినుంచి తినేస్తుంది. ట్రే పద్ధతిలో పక్కన పసుపు జిగురు అట్ట ఒకటి తప్పనిసరి.

నారుకుళ్ళు గురించి. మొదలు దగ్గర గాజులా పారదర్శకమై, గోధుమ రంగుకు తిరిగి, మొక్క ఒక పక్కకు ఒరిగితే అదే. కారణమైన బూజు ఒక్కటి కాదు: పితియం, ఫ్యుజేరియం, కాక్టస్‌ల మీద ప్రత్యేకంగా వచ్చే బైపోలారిస్ కాక్టివోరా. చాలామంది ఇంట్లో ఉన్న కార్బెండజిమ్ అనే బూజు మందు కొడతారు. అది పితియం మీద పనిచేయదు, ఇక్కడే ఎక్కువమంది మోసపోయేది. కాప్టాన్ 50 శాతం పొడి లీటరుకు 2 గ్రాములు, లేదా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, కుండీ మొదటిసారి నీళ్ళు పీల్చేటప్పుడే ఇవ్వండి. చేతికి తొడుగులు, ముక్కుకు మాస్క్ ఉండాలి, వంటింటి గిన్నెల్లో కలపొద్దు. తెగులు కనిపించాక ఆ మొలకనూ, చుట్టూ రెండు సెంటీమీటర్ల మట్టినీ చెంచాతో ఎత్తి తీసేయండి. మిగతావాటిని ఆ రోజే గాలికి తెరవండి. మందు తెగులును అడ్డుకుంటుంది, పడిపోయినదాన్ని లేపదు.

మరో ముఖ్యమైన సంగతి. మొలకవేరు బయటికి రాగానే దాని మెడ దగ్గర తెల్లటి నూగు చక్రంలా కనిపిస్తుంది. అది వేరు రోమాలు. బూజనుకుని తీసి పారేసేవాళ్ళు, పెరాక్సైడ్ కొట్టేవాళ్ళు ఎక్కువ. భూతద్దంలో చూడండి: రోమాలు పొట్టిగా, ఒకే ఎత్తులో, వేరుకే అంటి ఉంటాయి. బూజు దారాలు గింజ పెంకునుంచి మట్టి మీదికి పాకుతాయి.

విత్తుపెంకు:
నాగజెముడు సంగతి పూర్తిగా వేరు, దాన్ని పై రెండింటితో కలిపి చూడొద్దు. ఒపన్షియా (నాగజెముడు శాస్త్రీయ నామం) గింజ 3 నుంచి 5 మి.మీ., చుట్టూ ఎముకలాంటి గట్టి పొర. ఆ పొర నీటిని ఆపదు, నీళ్ళు లోపలికి వెళ్తాయి. లోపలి పిండానికి దాన్ని తోసుకుని వచ్చే బలం అప్పటికి లేకపోవడమే అసలు అడ్డు. అందుకే పండునుంచి తీసిన వెంటనే వేస్తే చాలా జాతుల్లో మొలవవు. పొడిగా ఏడాది దాచినవి ఎక్కువ మొలుస్తాయి.

చేయాల్సిందిది. గింజ అంచులో ఒకచోట నొక్కులా ఉంటుంది, మొలకవేరు వచ్చేది ఆ పక్కనే. ఆ పక్క పొరను గోళ్ళ ఆకురాయితో మెల్లగా అరగదీయండి, లోపలి లేత పసుపు కనిపించగానే ఆపేయాలి. ఇంకొక్క గీత ఎక్కువైతే పిండం దెబ్బతిని కుళ్ళుతుంది. తర్వాత రెండు రోజులు నానబెట్టండి, పూటకోసారి నీళ్ళు మార్చండి. 5 మి.మీ. లోతున పెట్టొచ్చు, దీనికి వెలుతురు పట్టింపు తక్కువ. రెండు వారాలకు కొన్ని, రెండు నెలలకు కొన్ని, వచ్చే ఏడాదికి కొన్ని వస్తాయి. మీ ఇరవై గింజల కుండీ పారబోయకండి. ప్రయోగశాలల్లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచుతారని చదివి ఇంట్లో ప్రయత్నించేవాళ్ళుంటారు. దయచేసి వద్దు, ఆకురాయి చాలు.

మెక్సికోలో ఒపన్షియా స్ట్రెప్టకాంతా గింజల మీద చేసిన పనిలో తేలింది ఇంకొకటుంది. మట్టిలోని కొన్ని శిలీంద్రాలు ఆ గట్టి పొరను తినేసి మొలకకు దారి చేస్తాయి. సాగువారో గింజ మీద బూజు ముప్పే, కానీ ఒపన్షియా గింజ పెంకు మీద కొద్దిగా కనిపిస్తే కంగారుపడి పారేయక్కర్లేదు.

గాజుమూత:
నాగజెముడు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. బ్రహ్మజెముడు గింజలకూ ఇదేనా? ఇక్కడ రెండు పేర్లూ కలిపేస్తున్నారు.

విత్తుపెంకు:
కాదండీ. బ్రహ్మజెముడు యుఫోర్బియా అనే వేరే జాతి, కాక్టస్ కుటుంబమే కాదు. దాని కాయ మూడు గదులది, ఎండితే టప్పున పగిలి గింజలు చిమ్ముతుంది. కాక్టస్‌ది గుజ్జు పండు. గుర్తు పట్టాలంటే ముల్లు మొదలు చూడండి. కాక్టస్‌లో ప్రతి ముళ్ళ గుత్తి కింద చిన్న మెత్తటి దిండులాంటి బుడిపె ఉంటుంది. పాలు కారితే కాక్టస్ కాదని కొందరంటారు, అది పూర్తిగా నిజం కాదు, మామిల్లేరియా అనే కాక్టస్‌లలో కొన్నిటికీ పాలుంటాయి.

అసలు నాగజెముడు మన నేలది కూడా కాదు, అమెరికా ఖండాలనుంచి వచ్చింది. దక్షిణ భారతంలో పొలాలు ఆక్రమించి పెద్ద బెడదైతే, 1926లో శ్రీలంకనుంచి డాక్టిలోపియస్ ఒపన్షియే అనే పిండి పురుగును తెప్పించి వదిలారు. అదే దాన్ని అణిచింది. ఇప్పటికీ నాగజెముడు మీద తెల్లటి దూదిలాంటి మచ్చ కనిపించి, గోటితో చిదిమితే ఎర్రటి రంగు వస్తే ఆ జాతి పురుగులే. ఇలాంటి మొక్క పండునుంచి గింజలు తీసినప్పుడు బాగా కడగండి.

సోనోరా_నీడ:
నీళ్ళు తప్పిన కుండీల గురించి ఒక ఊరట. కొన్ని సోనోరా జాతుల గింజలు ఒకసారి తడిసి, మొలవకముందే ఆరిపోయినా, ఆ తడి "గుర్తు" పోగొట్టుకోవని 1996లో ప్రచురించిన పరిశోధన చూపింది. తర్వాతి వానకు అవి మామూలు గింజలకన్నా ముందే మొలుస్తాయి. ఎడారిలో మొదటి జల్లు కురిసి ఆగిపోవడం మామూలే కదా. కాబట్టి మొలకవేరు కనిపించకముందే ఎండిన కుండీని పారేయకుండా పద్ధతి మార్చి మళ్ళీ తడపండి. ఇసుక పొరను మెత్తటి బ్రష్‌తో తీసి, గింజలు వెలుతురుకు బయటపడేలా చేస్తే ఇంకా మంచిది.

ఇంకొకటి, వేరు గురించి. ఈ ఎడారి జాతులు కొన్నిటిలో మొదటి వేరు కొద్ది రోజులకే పెరగడం పూర్తిగా ఆపేస్తుంది. జబ్బు కాదు, దాని తీరే అంత. మొన వెనక వెంటనే పక్కవేర్లు, రోమాలు దట్టంగా వచ్చి పైమట్టినే పట్టుకుంటాయి. వర్షం తడిపేది ఆ పైపొరనే మరి. లోతైన కుండీ పెట్టి "వేరు కిందికి వెతుక్కుంటుందిలే" అని పైభాగం ఆరనివ్వడం మొలకల విషయంలో తప్పు. 6 నుంచి 8 సెం.మీ. లోతు చాలు, పై రెండు సెంటీమీటర్లు తడిగా ఉండాలి.

అనంత_ముల్లు:
మిగిలిన రెండు సాగువారోల్లో ఒకటి వేరు పైకి తేలి పడుకుని ఉంది, రెండోది ఇటుకరంగుకు తిరిగింది. ఫెరోకాక్టస్‌లో ఒకదానికి గింజ పెంకు తల మీదే టోపీలా ఉండిపోయింది. కాపాడవచ్చా?

నారుమడి:
మూడూ బతికేవే. పడుకున్నదానికి పక్కనే పంటిపుల్లతో మూడు, నాలుగు మి.మీ. గుంట చేసి, తడిపిన పుల్ల మొనతో వేరును అందులోకి జార్చి, రెండు రాతి గుళ్ళు ఆనించండి. వేళ్ళతో పట్టుకోవద్దు, ఆ కాండమంతా నీళ్ళ బుడగలాంటిది. ఇటుకరంగు అంటే వెలుతురు ఎక్కువైంది, ఈ రోజే నీడకు మార్చండి. రెండు, మూడు వారాల్లో పచ్చబడుతుంది. దీనికి ఎదురు, తెల్లగా సాగి దారంలా నిలబడితే వెలుతురు చాలడం లేదని. టోపీని లాగకండి, బీజదళాలు దాంతో ఊడిపోతాయి. పొద్దున, సాయంత్రం ఒక చుక్క నీళ్ళు దాని మీద వేస్తే రెండు, మూడు రోజుల్లో మెత్తబడి రాలిపోతుంది.

ఆ తర్వాత సంచి తెరిచే పని తొందరపడొద్దు. మొదటి ముళ్ళు కనిపించాక, సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలకు, సూదితో నాలుగు చిల్లులు. వారానికి మరో నాలుగు. ఆ పై వారం సంచి మూతి సగం తెరవండి. ఒకేసారి తీస్తే అనంతపురం గాలికి సాయంత్రానికల్లా ముడుచుకుపోతాయి. తెరిచిన నెల తర్వాత 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) లీటరుకు పావు గ్రాము, నెలకోసారి. వేరు చేసి నాటడం ఏడాది తర్వాతే.

ఇటుకపొడి:
గింజల మంచిచెడ్డలు తేల్చుకోవాలంటే కుండీ అక్కర్లేదు. మూత ఉన్న పారదర్శక డబ్బాలో తడి టిష్యూ పేపరు, దాని మీద 20 గింజలు, వెలుతురులో పది రోజులు. పదిహేను మొలిస్తే గింజ మంచిదే, తప్పు మట్టిలోనో తడిలోనో ఉంది. కొత్తగా పండు దొరికితే గుజ్జు పూర్తిగా పోయేదాకా జాలిలో రుద్ది కడగండి, తీపి మిగిలితే బూజు ఖాయం. నీడలో ఆరబెట్టి, కాగితం కవరులో, సిలికా పొట్లంతో సీసాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే చాలా జాతులు కొన్నేళ్ళు మొలక శక్తి నిలుపుకుంటాయి. ఆస్ట్రోఫైటమ్ మాత్రం ఆలస్యం చేయకుండా వేసేయండి.

సోనోరా_నీడ:
గింజలు తెప్పించేవారికి ఒక విన్నపం. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, అరియోకార్పస్ లాంటి కాక్టస్‌లు మరింత కఠినమైన మొదటి అనుబంధంలో. మెక్సికోనుంచి వచ్చే గింజలకూ అది వర్తిస్తుంది. భారత్‌కు తెప్పించాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ పత్రం (తెగుళ్ళు, పురుగులు లేవనే ధ్రువపత్రం) రెండూ కావాలి. ఆరిజోనాలో ఫీనిక్స్, టూసాన్ వైపు ఉన్న మనవాళ్ళు ఊరికి వచ్చేటప్పుడు దోసెడు గింజలు జేబులో వేసుకు రావద్దు. అక్కడి జాతీయ పార్కులో గింజ ఏరడమే నిషిద్ధం. ఇక్కడే పెంచిన మొక్కలనుంచి గింజ తీసి అమ్మేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గర కొనండి.

అనంత_ముల్లు:
పాత కుండీలు నీడకు మార్చాను, పైఇసుక తీశాను. కొత్త గింజలు ఇప్పుడే వేయనా, ఆగనా? ఇక్కడ ఏప్రిల్ మొదటి వారం.

నారుమడి:
ఇంట్లో 30 డిగ్రీల లోపు ఉండే గది ఉంటే, ట్యూబు కింద ఇప్పుడే వేయొచ్చు. లేకపోతే సెప్టెంబరు దాకా ఆగండి. గింజలు ఫ్రిజ్‌లో పెట్టండి, కవరు మీద జాతి పేరు, తేదీ రాయండి. ఈలోపు కొబ్బరి పొట్టు కడిగి ఆరబెట్టుకోండి.